ఫిల్ము డబ్బాల మీద లేని పేర్లు

సినిమా తీసినవాళ్ల కథలు చాలానే చదువుకున్నాం. ఆ సినిమాకు రంగులద్దినవాళ్లు, ముక్కలు అతికినవాళ్లు, కాలిపోకుండా దాచినవాళ్లు, పోయినదాన్ని వెతికి తెచ్చినవాళ్లు ఎవరు? వాళ్లలో చాలామంది స్త్రీలు.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తోంది. నైరుతి ఫ్రాన్స్‌లోని ఫిజాక్ అనే చిన్న ఊళ్లో లూయిజ్ ఎస్కోఫియే పేరుతో ఒక నడివయసు స్త్రీ తలదాచుకుంటున్నారు. ఆ పక్కనే బెదుయే కోటలో ఫిల్ము డబ్బాలు గుట్టలుగా పడి ఉన్నాయి. జర్మన్ సైన్యం చేతికి చిక్కకుండా అక్కడికి చేర్చినవి అవి. ఒక్కో డబ్బా మూత తీసి, లోపలున్నది ఏ సినిమానో పోల్చుకుని, బాగుందో చెడుతోందో చూసి జాబితా రాయడం ఆవిడ పని. రాతికోటలో చలి ఎముకలు కొరుకుతున్నా మంట వేసుకోవడానికి లేదు. అప్పటి సినిమా రీళ్లు దాదాపు అన్నీ నైట్రేట్ ఫిల్ము మీద ఉండేవి. దానికి నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది.

ఆవిడ అసలు పేరు లోటె ఐస్నర్. 1896లో బెర్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. పురాతన గ్రీకు కలశాల మీది చిత్రాలపై పరిశోధించి కళాచరిత్రలో డాక్టరేటు తీసుకున్నారు. 1927 నుంచి ‘ఫిల్మ్ కురియర్’ పత్రికలో సినిమా సమీక్షలు రాశారు. హిట్లర్ గద్దెనెక్కిన రెండో నెలలోనే, 1933 మార్చిలో, పారిస్ వెళ్లిపోయారు. అక్కడా నిలవనివ్వలేదు. 1940లో ఫ్రెంచి అధికారులే ఆవిడను ‘అవాంఛిత’ వ్యక్తి కింద జమకట్టి గుర్స్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. తప్పించుకుని, మారుపేరు కాగితాలతో ఫిజాక్ చేరారు. తన ప్రాణానికే పూచీ లేని మనిషి ఎవరో తీసిన బొమ్మల్ని కాపాడుతూ కూర్చున్నారు. సినిమా చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే సాహసం ఇదే.

పారిస్‌లోని సినెమాతెక్ ఫ్రాన్సేజ్ పేరు ఎత్తగానే అందరూ ఆన్రీ లాంగ్లువాను తలుచుకుంటారు. 1936లో జార్జ్ ఫ్రాంజుతో కలిసి దాన్ని స్థాపించింది ఆయనే. 1968లో ప్రభుత్వం ఆయన్ని పదవి నుంచి తప్పిస్తే గొదార్, త్రూఫో వంటి దర్శకులు వీధికెక్కి, ఆయన్ని మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కీర్తికి ఆయన అర్హుడే. కానీ ఆ సంస్థకు 1945 నుంచి మూడు దశాబ్దాలపాటు ప్రధాన క్యూరేటర్ లోటె ఐస్నర్. పాత కళాదర్శకుల ఇళ్లకూ, ఛాయాగ్రాహకుల ఇళ్లకూ వెళ్లి, వాళ్లు ఎందుకూ పనికిరావనుకున్న సెట్టు బొమ్మలు, స్క్రిప్టులు, దుస్తులు అడిగి తెచ్చారు. 1972లో పారిస్‌లోని షాయో భవనంలో తెరిచిన సినిమా మ్యూజియంలో జనం చూసిన వస్తువుల్లో ఎన్నో అలా వచ్చినవే. ఆ కాగితాలన్నీ చేతిలో ఉన్నాయి కనుకే జర్మన్ మూకీ సినిమాలపై 1952లో ఆవిడ రాసిన పుస్తకం, తరవాత దర్శకులు మూర్నావ్ మీద, ఫ్రిట్జ్ లాంగ్ మీద రాసిన పుస్తకాలు ఇవాళ్టికీ ప్రామాణికంగా నిలిచాయి.

1974 చివర్లో ఆవిడకు జబ్బు చేసిందనీ బతకరేమోననీ కబురు అందితే, జర్మన్ దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ మ్యూనిక్ నుంచి పారిస్‌కు కాలినడకన బయల్దేరాడు. తాను నడిచి వెళితే ఆవిడ బతుకుతారని నమ్మాడు. మంచులో, వానలో మూడు వారాలు నడిచాడు. ఆవిడ కోలుకుని ఇంకో తొమ్మిదేళ్లు జీవించారు. హెర్జోగ్ తరం దర్శకులకు నాజీలకు ముందటి జర్మన్ సినిమాతో ముడి తెగిపోయింది. ఆ ముడి మళ్లీ వేసింది ఆవిడేనని ఆయనకు తెలుసు.

అదే సినెమాతెక్‌లో మ్యుజిడోరా కూడా పనిచేశారు. 1915లో ‘లె వాంపీర్’ సీరియల్లో నల్లటి దుస్తుల్లో కనిపించి ఫ్రాన్స్‌ను ఊపేసిన తార ఆవిడే. వయసు మళ్లాక అక్కడ చేరి, మూకీల కాలం నాటి మనుషుల జ్ఞాపకాలు సేకరించే పనిలో ఉన్నారు. ఒక్కోసారి టిక్కెట్ల దగ్గర కూర్చునేవారట. టిక్కెట్టు కొనేవాళ్లలో చాలామందికి ఆవిడెవరో తెలిసేది కాదంటారు.

సినిమా తీయడం సృజన, దాచడం గుమాస్తా పని అనే లెక్క మన బుర్రల్లో గట్టిగా పాతుకుపోయింది. డబ్బాకు చీటీ అంటించడం, జాబితా రాయడం, రీలు అంచు తడిమి చిరుగులు పట్టడం తక్కువ జీతానికి దొరికే ఓపిక గల ఆడవాళ్ల పని అన్నారు. ఈ లెక్క పూర్తిగా తప్పు. ఏ సినిమా మిగలాలి, ఏది బూడిద కావాలి అన్నది తేలేది ఆ పని జరిగే బల్ల దగ్గరే. మనం చూడగలిగినదే మన సినిమా చరిత్ర. చూడలేనిది పుకారు.

న్యూయార్క్‌లో ఏం జరిగిందో చూడండి. ఐరిస్ బారీ 1895లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. 1920ల్లో లండన్ పత్రికల్లో సినిమా విమర్శ రాశారు. 1925లో లండన్ ఫిల్మ్ సొసైటీని స్థాపించినవాళ్లలో ఒకరు. అమెరికా వెళ్లాక న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో గ్రంథాలయం పని చేపట్టారు. 1935లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ డబ్బుతో అక్కడే ఫిల్మ్ లైబ్రరీ ఏర్పడింది. ఆమె భర్త జాన్ అబ్బాట్ డైరెక్టరు, ఆమె క్యూరేటరు. భర్త వాల్‌స్ట్రీట్ నుంచి వచ్చిన మనిషి, సినిమా తెలిసినది భార్యకు. పెద్ద కుర్చీ మాత్రం ఎవరికి వెళ్లిందో చూశారుగా.

అప్పట్లో సినిమా అంటే ఆట ముగిశాక చెత్త. స్టూడియోలు పాత ప్రింట్లను వెండి కోసం కరిగించేవి, లేదా గోదాముల్లో కుళ్లబెట్టేవి. మేరీ పిక్‌ఫర్డ్ అంతటి తారే తన పాత చిత్రాలన్నీ కాల్చేయాలని ఒకప్పుడు అనుకున్నారు. స్నేహితురాలు లిలియన్ గిష్ వారించడంతో ఆగారు. ఐరిస్ బారీ సరిగ్గా ఆ పిక్‌ఫర్డ్ ఇంటికే వెళ్లారు. 1935 ఆగస్టులో హాలీవుడ్ పెద్దలందరినీ అక్కడికి పిలిచి, వాళ్ల పరిశ్రమే మరిచిపోయిన తొలినాళ్ల ముక్కలు తెర మీద వేసి చూపించారు. ‘ఆల్ క్వయెట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’లోని ఒక దృశ్యంలో నటుడు లూయీ వోల్‌హైమ్ కనిపించగానే ఆ గదిలో ఉన్నవాళ్ల గుండె ఒక్కసారి కలుక్కుమంది. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లే. తమతో పనిచేసిన మనిషిని అంత తొందరగా మరిచిపోయామా అని వాళ్లకే అనిపించి ఉండాలి. ఉపన్యాసాలు దంచితే ఈ పని జరిగేది కాదు. ఆ రాత్రి తరవాత హాలీవుడ్ తలుపులు మెల్లగా తెరుచుకున్నాయి.

మరుసటి ఏడు ఐరిస్ యూరప్ వెళ్లి పారిస్, బెర్లిన్, మాస్కో తిరిగి సినిమాలు సేకరించారు. 1938లో ప్రపంచ ఫిల్మ్ ఆర్కైవుల సమాఖ్యను స్థాపించిన నాలుగు సంస్థల్లో ఆమె లైబ్రరీ ఒకటి. దర్శకుడు గ్రిఫిత్ తొలినాళ్లలో బయోగ్రాఫ్ కంపెనీకి తీసిన చిత్రాల నెగెటివ్‌లు బతికి బట్టకట్టింది కూడా ఆమె చొరవ వల్లనే. అంతకన్నా పెద్ద పని ఇంకొకటి చేశారు. పాత చిత్రాలను వరుసగా పేర్చి, పరిచయ వ్యాసాలు రాసి, కాలేజీలకూ మ్యూజియంలకూ అద్దెకు పంపారు. చాలామంది అమెరికన్ విద్యార్థులు సినిమాను ఒక చదువుగా మొదటిసారి చూసింది ఆ పెట్టెల్లోంచి వచ్చిన రీళ్లతోనే. గ్రిఫిత్, ఐజెన్‌స్టైన్, జర్మన్ మూకీలు అంటూ సినిమా కోర్సుల్లో ఇప్పటికీ చెప్పుకునే వరసలో ఐరిస్ బారీ ఎంపిక చాలా ఉంది.

ఆ వరసలో ఖాళీలూ ఉన్నాయి. అలీస్ గీ సంగతే తీసుకోండి. గోమోన్ కంపెనీలో సెక్రటరీగా చేరి, 1896లో ‘క్యాబేజీల దేవత’ అనే చిన్న కథాచిత్రం తీసి, వందల చిత్రాలకు దర్శకత్వం వహించి, 1910లో అమెరికాలో సొలాక్స్ అనే సొంత కంపెనీ పెట్టిన మనిషి. తొలి చరిత్రకారులు ఆమె చిత్రాల్లో కొన్నింటిని మగవాళ్ల ఖాతాలో వేశారు. కొందరు ఆమె పేరే ఎత్తలేదు. ముసలితనంలో ఆమే తన చిత్రాల జాబితా తయారుచేసుకుని, ఎక్కడైనా ఒక్క ప్రింటు దొరుకుతుందేమోనని ఆర్కైవులకు ఉత్తరాలు రాశారు. 1968లో కన్నుమూశారు. ఆత్మకథ అచ్చయింది 1976లో. డబ్బా పోతే దానితోపాటు మనిషి కూడా పోతుంది, బతికి ఉండగానే.

ఆ ఖాళీ పూడటం ఎప్పుడు మొదలైంది? 1978లో ఇంగ్లండ్‌లోని బ్రైటన్‌లో ఆర్కైవుల సమాఖ్య సమావేశం జరిగింది. ఐరిస్ బారీ పనిచేసిన మ్యూజియంలోనే క్యూరేటర్ అయిన ఐలీన్ బౌసర్, లండన్‌కు చెందిన డేవిడ్ ఫ్రాన్సిస్ కలిసి, 1900 నుంచి 1906 దాకా వచ్చిన చిత్రాలు వందల కొద్దీ వివిధ దేశాల నుంచి తెప్పించి, చరిత్రకారులను కూర్చోబెట్టి చూపించారు. అందరూ ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎత్తి రాసుకున్న సంగతులు ఆ తెర ముందు నిలవలేదు. తొలినాళ్ల సినిమా గురించి కొత్త చరిత్ర ఆ గదిలో మొదలైందని ఆ రంగంలోని వాళ్లు చాలామంది ఒప్పుకుంటారు. కొలంబియా విశ్వవిద్యాలయం 2013లో ఆన్‌లైన్‌లోకి తెచ్చిన మూకీయుగ మహిళల పరిశోధన ప్రాజెక్టులో ఇవాళ నటీమణులే కాదు, కథలు రాసినవాళ్లు, ఎడిటర్లు, రంగులద్దినవాళ్లు, సినిమాహాళ్లు నడిపినవాళ్లు కూడా ఒక్కొక్కరుగా పేర్లతో కనిపిస్తున్నారు.

రంగులద్దినవాళ్ల సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. రంగుల ఫిల్ము పుట్టకముందే రంగుల సినిమాలు ఉండేవి. పారిస్‌లో ఎలిజబెత్ త్యూయిలియే నడిపిన కార్ఖానాలో రెండు వందల పైచిలుకు స్త్రీలు పనిచేసేవారు. జార్జ్ మెలియెస్ మాయల సినిమాలు ఆవిడ దగ్గరికే వచ్చేవి. రాత్రిళ్లు ఆవిడ కూర్చుని ఏ బొమ్మకు ఏ రంగో ఎంచేవారు. పగలు అమ్మాయిలు అద్దేవారు. పెడన అద్దకంలో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు పడినట్టే, ఇక్కడ ఒక్కో రంగుకు ఒక్కో మనిషి. ఆమె తన రంగు వేసి పక్కనున్న ఆమెకు అందిస్తుంది. ఫ్రేము వెడల్పు అంగుళం కూడా ఉండదు. అందులో వేలిగోరంత మనిషి, ఆ మనిషి తలపాగాకు ఎరుపు. ‘చంద్రలోక యాత్ర’ వంటి పావుగంట సినిమాలో 13 వేలకు పైగా ఫ్రేములు. అది ఒక ప్రింటుకు. ఇంకో ప్రింటు కావాలంటే మళ్లీ మొదటి నుంచి. కూలి రోజుకు ఒక ఫ్రాంకు. ఈ వివరాలన్నీ 1929లో త్యూయిలియే ఇచ్చిన ఒక ఇంటర్వ్యూ వల్ల మనకు దక్కాయి. ఆవిడ పేరైనా మిగిలింది. ఆ రెండు వందల మంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వాళ్లు వేసిన రంగు మాత్రం కొన్ని ప్రింట్లలో నూట ఇరవయ్యేళ్ల తరవాత కూడా ఉంది.

మెలియెస్ బతుకు చితికిపోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యం ఆయన ఫిల్ములను కరిగించి బూట్ల మడమలకు వాడుకుంది. 1923లో మిగిలిన నెగెటివ్‌లను ఆయనే తగలబెట్టుకున్నారు. ఒకప్పుడు ఆయన సినిమాల్లో నటించి, తరవాత భార్య అయిన జెహాన్ దాల్సీతో కలిసి మోంపర్నాస్ రైల్వేస్టేషన్లో బొమ్మలూ మిఠాయిలూ అమ్మే చిన్న దుకాణంలో కూర్చున్నారు. తల్లిని పోగొట్టుకున్న మనవరాలు మదలేన్ ఆ ఇద్దరి దగ్గరే పెరిగింది. ఆ పాప పెద్దదై, తాత సినిమాలు వెతకడమే జీవితంగా పెట్టుకుంది. ఆయన తీసినవి దాదాపు 520. చేతిలో ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. దశాబ్దాలపాటు సంతలవాళ్లనూ సేకర్తలనూ ఆర్కైవులనూ అడుగుతూ వెళ్లారు మదలేన్ మాల్తెత్ మెలియెస్. 1961లో తాత పేర ఒక సంఘం పెట్టారు. 1973లో ఆయన జీవితచరిత్ర రాశారు. 2018లో ఆమె కన్నుమూసేనాటికి రెండు వందల పైగా చిత్రాలు దొరికాయి. అన్నీ ఆమె ఒక్కరే తెచ్చారని కాదు. కానీ ఆ వెతుకులాట ఆగిపోకుండా చూసింది ఆమే.

ఇలాంటి మొండితనమే ఇటలీలో ఒక మ్యూజియం అయింది. మరియా అడ్రియానా ప్రోలో అనే చరిత్ర పరిశోధకురాలు 1941 జూన్ 8న, యుద్ధం మధ్యలో, టురిన్‌లో సినిమా మ్యూజియం పెట్టాలన్న ఆలోచన కలిగిందని డైరీలో రాసుకున్నారు. ఊరి నడిబొడ్డున ఉన్న మోలె ఆంటొనెల్లియానా గోపుర భవనంలో సామాను దాచుకోవడానికి ఒక గది దొరికింది. 1958లో మ్యూజియం వేరే భవనంలో తెరుచుకుంది. 2000 నుంచి అదే గోపుర భవనంలో ఉంది. ఆమె 1991లో పోయారు, మ్యూజియం ఆ గోపురానికి తిరిగి వచ్చిన రోజు చూడలేదు. సోవియట్ రష్యాలో ఎస్ఫిర్ షూబ్ పాత న్యూస్‌రీళ్లు 60 వేల మీటర్లు తిరగేసి 1927లో రొమనోవ్ రాజవంశ పతనం మీద సినిమా కూర్చారు. కెమెరా పట్టకుండా, పాత బొమ్మలతోనే ఒక కొత్త సినిమా చేయవచ్చని చూపించారు. జిగా వెర్తోవ్ 1929లో తీసిన ‘కెమెరా పట్టిన మనిషి’లో కత్తెరతో ఫిల్ము ముక్కలు వెతుకుతూ కనిపించే ఎలిజవేతా స్విలోవా ఆ సినిమా ఎడిటరు, ఆయన భార్య. 1954లో ఆయన పోయాక, దేశం ఆయన్ని మరిచిపోయిన కాలంలో, ఆయన కాగితాలన్నీ భద్రపరిచి లోకానికి అందేలా చేశారు. వెర్తోవ్ రాతలు ఇవాళ ప్రపంచమంతా చదువుతోందంటే ఆమె దాచబట్టే.

మన దేశానికి వద్దాం. ‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3న బొంబాయి కారొనేషన్ హాల్లో విడుదలైంది. దాన్ని తీసిన దాదాసాహెబ్ ఫాల్కే పేరు తెలియని సినిమా మనిషి లేడు. ఆయన పేర 1969లో పెట్టిన పురస్కారాన్ని బి.ఎన్. రెడ్డి మొదలుకుని కె. విశ్వనాథ్ దాకా మనవాళ్లు ఎందరో అందుకున్నారు. ఆయన భార్య సరస్వతీబాయి ఫాల్కే పేరు ఎంతమందికి తెలుసు? భర్త కెమెరా కోసం నగలు ఇచ్చారు. యూనిట్లో ఉన్న అరవై మందికి వండి పెట్టారు. ఆడవాళ్లు చేసిన పనిగా మనవాళ్లు చెప్పుకునేది ఇంతవరకే. కానీ ఆవిడ రసాయనాలు కలిపారు, ఫిల్ము డెవలప్ చేశారు, ఎండను మొహాల మీదికి తిప్పడానికి తెల్లదుప్పట్లు పట్టుకున్నారు. అన్నిటికీ మించి, ఫిల్ముకు రంధ్రాలు వేశారు.

అప్పట్లో ముడి ఫిల్ము అంచున రంధ్రాలు లేకుండా వచ్చేది. ఆ రంధ్రాల్లో పళ్లు పట్టుకుంటేనే కెమెరాలో ఫిల్ము కదులుతుంది. లండన్ నుంచి ఫాల్కే తెచ్చిన చిన్న యంత్రంతో చీకటి గదిలో, వెలుతురు సోకకుండా, ఆ పని చేయాలి. ఒక అడుగు ఫిల్ముకు రెండు అంచులూ కలిపి 128 రంధ్రాలు. సినిమా నిడివి 3,700 అడుగులని తీసుకుంటే నాలుగు లక్షల డెబ్బై వేల పైచిలుకు. పాడైన షాట్లూ ప్రదర్శన ప్రింట్లూ ఇందులో చేరలేదు. ఒక్క రంధ్రం వంకరపోతే తెర మీద బొమ్మ ఎగురుతుంది. పగలంతా అరవై మందికి వంట చేసిన చేతులు రాత్రి చేసిన పని ఇది. భారతీయ సినిమాలో మొట్టమొదటి మహిళా సాంకేతిక నిపుణురాలు అనవలసిన మనిషిని ‘సహకరించిన ఇల్లాలు’ అని రాసి సరిపెట్టుకున్నాం.

ఫాల్కే పురస్కారం మొదట అందుకున్నది దేవికా రాణి, వాల్తేరులో పుట్టిన మనిషి. ఆవిడనూ నటిగానే గుర్తుపెట్టుకున్నాం. లండన్‌లో జౌళి డిజైన్ నేర్చుకుని, తెర మీదికి రాకముందే 1929 నాటి మూకీ ‘ప్రపంచ పాశ’కు దుస్తులు, సెట్ల పనిలో చేయి కలిపారు. 1940లో భర్త హిమాంశు రాయ్ పోయాక బాంబే టాకీస్ స్టూడియో భారం మోశారు.

తెర వెనక పని ఆడవాళ్లకు చాలాచోట్ల ఇష్టపూర్వకంగా దక్కలేదు. దక్కనివ్వలేదు కూడా. ముంబయిలో మేకప్ కళాకారుల సంఘం సుమారు అరవయ్యేళ్లపాటు స్త్రీలకు మేకప్ కార్డు ఇవ్వలేదు. నటీమణులకు జడలు వేస్తే చాలు అంది. ఒక మేకప్ కళాకారిణి కోర్టుకెక్కితే, 2014 నవంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధన చెల్లదని తేల్చింది. అప్పటిదాకా ఏ సినిమా టైటిల్స్‌లోనైనా మేకప్ కింద ఆడపేరు కనిపించలేదంటే, ఆ పని తెలిసిన ఆడది లేక కాదు.

ఇక తెలుగు. 1932లో విడుదలైన మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు లేదు. అందులో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఎలా పాడారో వినే వీల్లేదు. మొదటి దశాబ్దాల తెలుగు చిత్రాలు చాలా వరకు అదే దారిన పోయాయి. నైట్రేట్ తరవాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము కూడా మద్రాసు ఎండకూ తేమకూ వెనిగర్ వాసన కొట్టి ముడుచుకుపోతుంది. ఆ వాసన మొదలైతే ఇక ఫిల్మును మళ్లీ బాగుచేయలేం, చెడటాన్ని నెమ్మదింపజేయగలమంతే. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్ము పరిరక్షణ శిక్షణ శిబిరం పెట్టినప్పుడు నేర్పింది ఈ పనులే: చేత్తో రీలు తిప్పుతూ చిరుగులు పట్టడం, అతుకులు సరిచేయడం, అంచున ఉన్న వృత్తం, చతురస్రం, త్రిభుజం గుర్తులు చూసి ఆ కొడాక్ ఫిల్ము ఏ ఏడాది తయారైందో లెక్కగట్టడం.

ప్రింటు పోయినచోట కాగితం మిగులుతుంది. హాలు ముందు అమ్మిన పాటల పుస్తకాలు, పత్రికల్లో ప్రకటనలు, స్టిల్స్, పాత సంచికలు. పాటల పుస్తకంలో కథాసంగ్రహం ఉంటుంది, సాంకేతిక నిపుణుల పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో బృందగానం పాడిన అమ్మాయిలు ఉండరు. ఇంకొకరి పెదాలకు గొంతు ఇచ్చిన డబ్బింగ్ కళాకారిణి చాలాసార్లు ఉండదు. జడలు వేసిన హెయిర్ డ్రెస్సర్ ఉండదు. 1960లు, 70ల మద్రాసు స్టూడియోల్లో ఈ పనులు చేసినవాళ్లు ఇప్పుడు డెబ్బై, ఎనభై దాటినవాళ్లు. కొందరు హైదరాబాద్ వచ్చారు, కొందరు చెన్నైలోనే ఉండిపోయారు. వాళ్ల ఇళ్లలో గ్రూప్ ఫోటోలు ఉంటాయి. అమ్మమ్మనో, మేనత్తనో పక్కన కూర్చోబెట్టుకుని, ఫోటోలో ఉన్న ఒక్కొక్కరినీ చూపించి ఎవరో అడగండి. పేరు, చేసిన పని, సినిమా, సంవత్సరం ఫోటో వెనక అంచున మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వాడొద్దు, సిరా ముందువైపుకి ఊరుతుంది. ఆల్బమ్‌లోని జిగురు ప్లాస్టిక్ పేజీల్లోంచి ఫోటోలు బయటికి తీసి కాగితపు కవర్లలో పెట్టండి. ఆవిడ చెప్పేది ఫోన్లో రికార్డు చేసి, మొదట తేదీ చెప్పించండి.